వినపడుతుంది, మాటే తెలియదు

వయసుతో వచ్చే చెవుడులో చాలామందికి మొదట తగ్గేది స్పష్టత. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. లోపలి చెవిలోని కాక్లియాలో ఒక్కో వైపు సుమారు 15,000 రోమ కణాలుంటాయి, శబ్దాన్ని నరానికి అందే సంకేతంగా మార్చేవి ఇవే. సన్నటి, కీచు శబ్దాలను పట్టేవి దాని మొదట్లో ఉంటాయి, ముందు దెబ్బతినేవీ అవే. అచ్చుల బలం తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. స, త, క లాంటి హల్లుల ఆనవాలు ఎక్కువగా పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. అందుకే ‘కల’ అన్నా ‘తల’ అన్నా ఒకేలా తోస్తుంది. అరిచి చెబితే అచ్చులే మోగుతాయి, హల్లులు అంతగా తేలవు. ఎదురుగా నిలబడి, కాస్త నెమ్మదిగా చెబితే నయం.

చచ్చిన రోమ కణం మళ్లీ పుట్టదు. పెద్ద శబ్దానికి లెక్క ఇదీ: 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గరికొచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. ఈ నష్టం ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్ష గ్రాఫులో, సాధారణంగా 4000 హెర్ట్జ్ చుట్టూ గుంటలా కనిపిస్తుంది.

గుబిలి, కర్ణభేరి వెనుక నీరు, భేరికి చిల్లు, మధ్య చెవిలోని స్టేపిస్ అనే చిన్న ఎముక బిగుసుకుపోవడం వేరే సంగతి. అక్కడ శబ్దం లోపలికి వెళ్లే దారిలోనే ఇబ్బంది, చాలావరకు బాగుచేయవచ్చు. గుబిలిని ఇయర్‌బడ్‌తో తీయబోతే ఇంకా లోపలికి దిగుతుంది. చిల్లు లేదని తేలకుండా నూనె, చుక్కలు వేయకూడదు.

ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోతే నోరు మూసి ‘మ్...’ అని కూనిరాగం తీయండి. మూసుకున్న చెవిలోనే గట్టిగా వినిపిస్తే అడ్డు బయటో మధ్యలోనో ఉండవచ్చు. మంచి చెవి వైపు వినిపిస్తే లోపలి చెవినో నరాన్నో అనుమానించాలి. ఇది చూచాయ పరీక్షే, ఎటు వినిపించినా ఆడియోమెట్రీ (యంత్రంతో చేసే వినికిడి పరీక్ష) కావాలి. మూడు రోజుల్లోపే వినికిడి పడిపోతే అది అత్యవసరం. స్టెరాయిడ్ మొదటి రెండు వారాల్లోపు, ఎంత ముందైతే అంత ఫలితం. జలుబు వల్లేలే, గుబిలిలే అని ఆగడంలోనే ఆ గడువు దాటిపోతుంది.

మందుల సంగతి రోగులకు చెప్పేవాళ్లు తక్కువ. జెంటమైసిన్, అమికాసిన్ అనే యాంటీబయోటిక్‌లు, సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు రోమ కణాలను చంపగలవు. వీలుంటే కోర్సు మొదలుకాకముందే ఒక ఆడియోగ్రామ్ తీయించుకోవాలి, 8000 హెర్ట్జ్ పైన కూడా చూడమని అడగాలి. మధ్యలో చెవిలో కొత్తగా రొద మొదలైతే తర్వాతి డోసుకు ముందే డాక్టరుకు చెప్పాలి.