పదో ప్రశ్న

అట్లాంటాలో ఈ అపార్ట్‌మెంటు తీసుకున్నప్పుడు మా తెలుగు స్నేహితులు మొదట చెప్పిన మాట, "అక్కడ నల్లవాళ్లు ఎక్కువ, జాగ్రత్త." మేము బుద్ధిగా తలలూపాం.

సిజేరియన్, కుట్లు, జ్వరం, పాలు పడకపోవడం... అవి అందరూ చెప్పేవే. అమ్మ ఉన్నన్నాళ్లు పథ్యంతో, సాంబ్రాణి పొగతో రోజులు గడిచాయి. ఆమెను విమానం ఎక్కించిన వారం నుంచి నాకు నిద్ర కరువైంది. పాప పడుకున్నా కళ్లు మూతపడేవి కావు. ఫోనులో చెబితే "మేము కనలేదా?" అంది అమ్మ.

డాక్టరమ్మ ఇంకా నయం! కాన్పు తర్వాతి డిప్రెషన్‌ను పట్టుకోవడానికి పది ప్రశ్నల కాగితం ఇస్తారు. మీకు మీరు హాని చేసుకోవాలనిపించిందా అనేది పదోది. అక్కడ నా పెన్ను చాలాసేపు ఆగింది. చివరికి 'ఎప్పుడూ లేదు' దగ్గర టిక్కు పెట్టాను. ఆవిడ కాగితాన్ని పైపైన చూసి, "మీ ఇండియన్లకు ఇంట్లోవాళ్ల అండ ఉంటుంది కదా" అని నవ్వి వెళ్లిపోయింది. ఆ నవ్వును ఇప్పటికీ క్షమించలేదు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి. ఆయన ఊళ్లో లేరు. పాప రెండు గంటలుగా ఏడుస్తోంది. ఎత్తుకుంటే నా చేతులు ఏం చేస్తాయోనని భయం వేసింది. తొట్టిలో పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, బయట మెట్ల మీద కూర్చున్నాను. స్వెటర్ కూడా లేదు. ఏడుపు వినిపిస్తూనే ఉంది, లేవలేకపోయాను.

ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకుని కింది ఇంటావిడ వచ్చింది. నల్లజాతి మనిషి, మా అమ్మ వయసు. అంతవరకు హలో తప్ప మా మధ్య మాట లేదు. తన కోటు నా భుజాల మీద కప్పి, లోపలికి వెళ్లి పాపను ఎత్తుకొచ్చి పక్కన కూర్చుంది. మాటలు లేని ఏదో రాగం గొంతులోనే తీస్తూ, నా ముఖంలోకి చూసి అడిగింది: "చచ్చిపోవాలనిపిస్తోందా?"

"అవును," అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

చచ్చిపోవాలనిపించినవాళ్లకు సాయం చేసే అమెరికా నంబరు 988కి తనే ఫోను కలిపి నా చెవి దగ్గర పట్టుకుంది. తర్వాత మాత్రలు, కౌన్సెలింగ్. నెలన్నరకు నిద్ర పట్టింది.

శనివారాలు తన చర్చికి తీసుకెళ్లేది. ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి. తెల్లవాళ్ల చర్చిలో ప్రార్థన మధ్యలో తమను బలవంతంగా పైకి లేపినందుకు బయటికి నడిచిన నల్లవాళ్లు మొదలుపెట్టిన శాఖ, 1816లో ఏర్పడింది. కింది హాల్లో ఇనుప కుర్చీలు గుండ్రంగా వేసుకుని పదిహేనుమంది ఆడవాళ్లు. ఆ రోజు బైబిల్లోని హాగరు కథ. నీళ్లైపోయిన ఎడారిలో బిడ్డను పొద కింద వదిలి, వాడి చావు చూడలేక వింటివేత దూరంలో కూర్చుని ఏడ్చిన దాసి. నాకు మా మెట్లు గుర్తొచ్చాయి.

ఒకామె కూతురు కాన్పులో పోయింది. నొప్పి అని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదట. 2021లో అమెరికాలో లక్ష కాన్పులకు నల్లజాతి తల్లులు దాదాపు 70 మంది పోయారు, తెల్లజాతి తల్లులు 27 మంది. "నువ్వు గట్టిదానివి అంటారు. ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది," అందామె. అంత దుఃఖంలోనూ నా ఏడుపుకు చోటిచ్చింది. నాకు సిగ్గేసింది.

ప్రార్థన ఉండగా మాత్రలెందుకని ఒక ముసలావిడ అడిగింది. "మరి మీరు షుగర్ మాత్ర మానేశారా?" అంది కూటం నడిపే ఆవిడ. అందరూ పగలబడి నవ్వారు.

మతం మారావా అని మనవాళ్లు అడుగుతున్నారు. లేదు, శుక్రవారం దీపం పెడుతూనే ఉన్నాను. అది సరే, ఆ పదో ప్రశ్నకు అబద్ధం రాయకండి. ఇండియాలో అయితే మానసిక సాయం కోసం ప్రభుత్వం పెట్టిన 14416కు ఫోన్ చేయండి.

నల్లవాళ్ల గురించి మావాళ్లు ఏమన్నారో కింది ఇంటావిడకు ఒకరోజు చెప్పేశాను. ఆవిడ పిప్పరమెంటు బిళ్ల కాగితం విప్పుతూ, "తెలుసమ్మా. మొదట్లో నేను ఎదురైతే నువ్వు చేతిసంచి దగ్గరికి లాక్కునేదానివి," అని బిళ్ల నా చేతిలో పెట్టింది.