టవర్ రేటింగ్ వచ్చింది, కానీ ఆ మధ్యాహ్నాన్ని మరచిపోలేను

టవర్‌లో పక్కన ఎవరూ లేకుండా రన్‌వేను నడిపే రేటింగ్, అంటే అధికారిక అర్హత, నాకు ఈ వారమే వచ్చింది. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ కావాలనుకునేవారి కోసం, వేడి చల్లారకముందే రాస్తున్నాను.

తొలి మెట్లు కష్టం కావు. లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి, మూడో తరగతి (క్లాస్ 3) వైద్య పరీక్ష నెగ్గాలి, ఇంగ్లీషులో కనీసం నాలుగో స్థాయి రావాలి. రాత పరీక్షకు శ్రద్ధగా చదివితే చాలు. సిమ్యులేటర్‌లో మా బ్యాచ్ మొత్తానికి నేనే ముందున్నాను.

నన్ను కుంగదీసింది టవర్‌లో శిక్షణ. ఆ మధ్యాహ్నం సర్క్యూట్‌లో, అంటే రన్‌వే చుట్టూ తిరిగే నిర్ణీత దారిలో, శిక్షణ విమానాలు తిరుగుతున్నాయి. ఒక సెస్నా (చిన్న విమానం) దిగి రన్‌వే మీద పరుగెడుతోంది, దాని వెనక మరొకటి ఫైనల్‌లో, అంటే దిగడానికి రన్‌వేకు ఎదురుగా వచ్చే చివరి దారిలో ఉంది. మామూలుగా ముందుది రన్‌వే ఖాళీ చేసేదాకా వెనకది త్రెషోల్డ్ (దిగే వైపు రన్‌వే మొదలయ్యే అంచు) దాటకూడదు. కానీ 2,000 కిలోలు మించని ఒంటి ఇంజిను ప్రొపెల్లర్ విమానాలకు సడలింపు ఉంది. ముందుది త్రెషోల్డ్ నుంచి 600 మీటర్లు దాటి, ఆగకుండా, వెనక్కి తిరగకుండా రన్‌వే వదిలేలా ఉంటే వెనకది దిగవచ్చు. పట్టపగలు కావాలి, కనీసం 5 కిలోమీటర్ల దూరం స్పష్టంగా కనిపించాలి, రన్‌వే మీద బ్రేకులు బాగా పట్టాలి. ఆ రోజు ఇవన్నీ ఉన్నాయి. మా టవర్ నియమావళిలో ఈ సడలింపుకు అనుమతీ ఉంది.

ముందున్న విమానం గురించి వెనకతనికి చెప్పాను. 600 మీటర్ల గుర్తుగా పెట్టిన తెల్ల బోర్డు మీదే నా చూపు నిలిపాను. సెస్నా రెక్క నీడ బోర్డును దాటింది. వెనకది ఇంకా త్రెషోల్డ్ చేరలేదు. సరిగ్గా అప్పుడే మా శిక్షకుడు నా మాటకు అడ్డుపడి, తన మైకులో గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేచి వెళ్లు) అన్నారు. తర్వాత గదిలో అందరూ వింటుండగా, ‘కళ్లు ఎక్కడ పెట్టుకున్నావు?’ అని గద్దించారు. నివేదికలో ‘దూరం అంచనా వేయలేడు’ అని రాసి సంతకం పెట్టమన్నారు.

నేను పెట్టలేదు. రికార్డింగు, నియమావళి పేజీ చూపి సమీక్ష కోరాను. ఆ కాగితం బల్లల మధ్య తిరుగుతూనే ఉంది. అడిగితే పెద్ద సారు సెలవులో ఉన్నారనేవారు. చివరికి వేరే పరీక్షకుడు రికార్డింగు విని ఆ వాక్యం కొట్టేయించారు. ఆయన పక్కన కూర్చున్నాక నా గొంతులో వణుకు పోయింది.

జాగ్రత్త అక్కర్లేదని నేననడం లేదు. 1991 ఫిబ్రవరి 1న లాస్ ఏంజెలెస్‌లో, రన్‌వే మధ్యలోకి వచ్చి టేకాఫ్ అనుమతి కోసం ఆగిన చిన్న విమానాన్ని కంట్రోలర్ మరచిపోయి, అదే రన్‌వేపై దిగేందుకు బోయింగ్ 737కు అనుమతి ఇచ్చారు. రెండూ ఢీకొని, చిన్న విమానంలోని 12 మందీ చనిపోయారు. మొత్తం మృతులు 35 మంది. అందుకే రన్‌వే మీద ఏదైనా ఉన్నంతసేపు దాని స్ట్రిప్ (విమానం వివరాలు రాసిన చీటీ) నా కళ్లముందు నుంచి కదలదు. జెట్ లేచాక అక్కడి నుంచే లేవాల్సిన సెస్నాకు, జెట్ వదిలిన గాలి సుడులు తగ్గేదాకా రెండు నిమిషాలు ఆగమంటాను, పైలట్ ఎంత తొందరపెట్టినా సరే. భయం వేరు, జాగ్రత్త వేరు. భయపడి అరిచే శిక్షకుడు నేర్చుకునేవాడి కళ్లను కట్టేస్తాడు.

మీరు చేయాల్సినవి చెబుతాను. మీ టవర్ నియమావళిలో సడలింపుల పేజీ కంఠతా పట్టండి. టవర్ కిటికీ నుంచి ఏ గుర్తు ఎన్ని మీటర్లలో ఉందో తీరిక వేళల్లో చూసి పెట్టుకోండి. ఒప్పుకోని నివేదిక మీద సంతకం పెట్టకండి. మీ మాట కూడా అందులో రాయించండి. పక్కన కూర్చున్నవారు ప్రతిసారీ మైకు లాక్కుంటుంటే శిక్షకుడిని మార్చమని రాతపూర్వకంగా అడగండి, అందిన తేదీ వేయించుకుని నకలు మీ దగ్గర ఉంచుకోండి.