మిల్లు ఓనరుకు పీఏగా నా మొదటి సీజన్

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఓనరు దగ్గర పీఏగా చేరేనాటికి నా చేతిలో ఉన్నది ఇంగ్లిష్ టైపింగ్ హయ్యర్ సర్టిఫికెట్ ఒక్కటే. నిమిషానికి 45 పదాలు కొట్టగలను. ఉత్తరాలు టైప్ చేయాలి, ఫోన్లు ఎత్తాలి, సార్ డైరీ రాయాలి, పీఏ పని అంటే ఇంతే అనుకున్నాను.

వానాకాలం కోతలు మొదలయ్యాక అసలు పని తెలిసింది. సాగర్ ఎడమ కాల్వ కింద ఊళ్లన్నీ ఒకేసారి కోస్తాయి. సన్న వడ్లు చాలామంది రైతులు నేరుగా మిల్లుకే తెస్తారు కాబట్టి ట్రాక్టర్లు రోడ్డు వెంబడి బారులు తీరతాయి. ప్రభుత్వ కొనుగోలు కేంద్రాల్లో వడ్ల తేమ 17 శాతం దాటకూడదు. మిషన్‌తో కోసి తెచ్చే పచ్చి వడ్లలో అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది. ఆలస్యమైతే అవి వేడెక్కి రంగు మారతాయి.

ఒకరోజు సార్ బ్యాంకు వాళ్లతో కూర్చుని, ఎవరినీ లోపలికి పంపొద్దన్నారు. త్రిపురారం వైపు నుంచి వచ్చిన పెద్దాయన మూడుసార్లు నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. మూడుసార్లూ “సార్ బిజీ” అన్నాను. ఎందుకొచ్చారని అడగలేదు. నాలుగోసారి ఆయనే, “సేటు రాకున్నా మంచిదే బిడ్డా, ఎవరన్నా ఒకరొచ్చి నా వడ్లు చూస్తే చాలు” అన్నాడు. కాంటా గుమాస్తాకు ఒక్క ఫోన్ చేస్తే తీరే పని అది. మేం వెళ్లి టార్పాలిన్ ఎత్తేసరికి లోపలి వడ్లు చేతికి వేడిగా తగిలాయి. ఆయనకు రేటు తగ్గింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాటి నుంచి నోట్‌బుక్ పెట్టుకున్నాను. వచ్చిన పని ఏంటి, ఎంతసేపు ఆగగలరు, సార్ కాకుండా ఇంకెవరు చేయగలరు? ప్రతి ఒక్కరినీ ఈ మూడూ అడిగి రాసేదాన్ని. ఒకరోజు లెక్క చూస్తే 23 మంది వచ్చారు. సార్‌నే కలవాల్సినవాళ్లు నలుగురు. మిగతా పనులు కాంటా దగ్గర, అకౌంటెంట్ దగ్గర తీరిపోయాయి.

మీటింగులకూ ఇదే పద్ధతి పనికొచ్చింది. ప్రభుత్వం మరాడించడానికి ఇచ్చే వడ్లకు క్వింటాకు 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగివ్వాలి. నల్లగొండ మీటింగు ఉందంటే సార్ కారులో గంటసేపు ఫోన్లు చేసి లెక్కలు అడిగేవారు. నేను ముందురోజే వచ్చిన వడ్లు, ఇచ్చిన బియ్యం, బాకీ ఒకే కాగితం మీద రాసిచ్చాను. ఆ గంట ఆయన కళ్లు మూసుకుని పడుకున్నారట, డ్రైవరన్న చెప్పాడు.

ఫోన్ ఉంటే పీఏ ఎందుకని మా తమ్ముడు అంటాడు. ఫోన్ మీటింగు టైం గుర్తుచేస్తుంది, నిజమే. నాలుగోసారి వచ్చిన మనిషి గొంతులో టెన్షన్ దానికి ఎలా తెలుస్తుంది?

యాసంగిలో ఆ పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఈసారి నేరుగా నా దగ్గరికే వచ్చి, “బిడ్డా, ట్రాక్టర్ గేటు కాడ పెట్టిన, పొద్దుగాలనే కోసినం” అన్నాడు. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కాంటాకు ఫోన్ చేశాను.