పోలిష్‌లో 'జరాస్' అంటే ఎంతసేపు?

పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఏం చూశానో ఇంకోసారి రాస్తాను. ముందు అక్కణ్ణుంచి జకోపానే అనే కొండ ఊరికి వెళ్లే బస్సు సంగతి చెప్పాలి. వంద కిలోమీటర్ల రోడ్డు, రెండు గంటల్లో దింపేస్తామని టికెట్ అమ్మారు. శనివారం పొద్దున ఆ రోడ్డు ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకు చెప్పక్కర్లేదు. 2022లో 2 కిలోమీటర్ల సొరంగం తెరిచారు కదా, ఇక ఫర్వాలేదనుకున్నా. సొరంగం దాటిన కాసేపటికే ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయింది. జకోపానే దగ్గరి కాస్ప్రొవి వ్యెర్ఖ్ కొండ మీదికెళ్లే రోప్‌వేకి టైము వేసిన టికెట్ నా చేతిలో ఉంది, రానూపోనూ మన డబ్బుల్లో రెండు వేల పైమాటే.

ఇంకెంతసేపని డ్రైవర్ని అడిగితే "జరాస్" అన్నాడు. 'ఇప్పుడే' అని ఫోన్ చెప్పింది. అరగంటయ్యాక అడిగినా జరాసే. నా టెన్షన్ చూసి పక్క సీటు పెద్దావిడ ఇంగ్లీషులో మాట కలిపింది. పిలిస్తే రాకుండా పిల్లలు జరాస్ అన్నప్పుడు, "జరాస్ అంటే పేద్ద బాక్టీరియా" అని ఇంట్లో పెద్దవాళ్లు కసురుతారట. జరాజా అంటే అంటురోగం, అందుకని ఆ మాట. మా అమ్మ గుర్తొచ్చింది. ఆదివారం పొద్దున మేం మంచం మీంచే "వస్తున్నా" అంటే, "ఆ వస్తున్నా ఎప్పటికి తెమిలేను, ఇడ్లీ చల్లారిపోయింది" అనేది.

ఆవిడ ఇంకో సామెత చెప్పి, నాచేత పలికించింది: "త్సో నాగ్లె, తొ పొ ద్యాబ్లె". నాగ్లె అంటే హఠాత్తుగా, ద్యాబ్లె అంటే దయ్యం. ఆదరాబాదరాగా చేసిన పని దయ్యం పాలేనని. మనవాళ్లు నిదానమే ప్రధానం అంటారు, మళ్లీ ఆలస్యం అమృతం విషం అనీ వాళ్లే అంటారు. నాకు నచ్చింది మాత్రం "ని జ్ గ్రుష్కి, ని స్ పియెత్రుష్కి". బేరిపండులోంచీ కాదు, పార్స్లీలోంచీ కాదు, అంటే ఏ సంబంధమూ లేకుండా ఉన్నట్టుండి ఊడిపడటం. ట్రాఫిక్ కూడా అలాగే, ఎందుకాగిందో తెలియకుండానే కదిలింది.

దిగేసరికి రోప్‌వే టైము దాటిపోయింది. బాధేసింది, ఆ కొండ కోసమే అంత దూరం వెళ్లాను. ఆవిడ మాత్రం నా భుజం తట్టి "పొవోలి, పొవోలి" అంది, నెమ్మదిగా వెళ్లమని. ఆకలేసి, గొర్రెపాల చీజ్ కాల్చే బండి దగ్గర ఆగాను. ఇక్కడా జరాస్ అంటారేమోనని చూస్తున్నా. బండి దగ్గరి అమ్మాయి "యుష్!" అంది. అయిపోయిందని. అప్పటికే పొగలు కక్కే ముక్క, పైన ఎర్రటి క్రాన్‌బెర్రీ జామ్‌తో, నా చేతిలో ఉంది.