గొంతు కలిపితే చాలు
ధనుర్మాసంలో, అంటే డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి వరకు, మా వీధిలో తెల్లవారుజామున తిరిగే సంకీర్తన బృందంతో కలిసి పాడడం నాకు అలవాటైంది. నా గొంతు శ్రావ్యమైనదేమీ కాదు. అయినా చిడతలు, తాళాల మధ్య అందరితో కలిసి చరణం ఎత్తుకున్నప్పుడు ఎవరి శ్రుతి తప్పిందో పట్టించుకునేవారు ఉండరు. పాడేటప్పుడు ఊపిరిని త్వరగా తీసుకుని నెమ్మదిగా, దీర్ఘంగా విడుస్తాము కాబట్టి గుండె వేగం తగ్గి ఒళ్లు తేలికపడుతుంది. బృందగానం చేసేవారి గుండె వేగం కలిసికట్టుగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుందని 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనించారు. మన భజన మందిరాల్లో కూర్చునేవారికి ఈ సంగతి ఏ పరికరాలూ లేకుండానే తెలుసునని నా అభిప్రాయం.

సంక్రాంతి తరువాత బృందం ఆగిపోయినా, ఉదయం మొక్కలకు నీళ్లు పోస్తూ ఒక పాట పాడుకోవడం నేను మానలేదు. పిట్టలకు మట్టి మూకుడులో నీళ్లు పెట్టడం, భోజనం వేళ ఫోనును పక్క గదిలో వదిలేయడం (అన్నిటికంటే కష్టమైనది ఇదే), చెత్త బండితో వచ్చే పారిశుద్ధ్య కార్మికురాలిని ఆగి పలకరించడం దానికి తోడయ్యాయి. ఒకనాడు నేను పాడుతుండగా ఆమె గేటు దగ్గర నుంచే గొంతు కలిపారు. ఆమె స్వరం నా స్వరం కంటే ఎంతో మేలైనది. ఇప్పుడు వాళ్ల ఊరి కోలాటం పాటలను, అడుగు ఎక్కడ మారాలో చూపిస్తూ మరీ, నాకు నేర్పుతున్నారు.