ఇంకొక్క కొలత

"కదలకు నాన్నా, ఇంకొక్క కొలత" అన్నారు డాక్టర్ గారు. తెర మీద మావాడి బృహద్ధమని, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం మోసుకెళ్లే పెద్ద నాళం. ఈ అంచున ఒక చుక్క, ఆ అంచున ఒక చుక్క పెట్టి మధ్య దూరం చూస్తున్నారు.

మావాడికి మార్ఫాన్, ఒంట్లో కణజాలాల పట్టు సడలే జన్యు జబ్బు. అది ఉన్న పిల్లల్లో గుండె దగ్గర ఆ నాళం మెల్లగా వెడల్పవుతుంది. నొప్పి ఉండదు, పైకేమీ తెలియదు. ఎకో, అంటే గుండె స్కాన్, తీస్తేనే బయటపడేది.

మిల్లీమీటర్లు పెరిగాయనగానే నాకు గుండె ఝల్లుమంది. కానీ వాడూ పెరిగాడుగా! ఎత్తూ బరువూ చూసి, ఆ ఒంటికి ఆ సైజు ఎంత ఎక్కువో జెడ్ స్కోరుగా లెక్క కడతారు. అది పోయినసారి ఉన్నచోటే ఉంది. ఎంత ఊరటో చెప్పలేను. బరువు పెరిగాడని, ఆ నాళం మీద ఒత్తిడి తగ్గించే లోసార్టాన్ మందు మోతాదు కాస్త పెంచారంతే.

బయట కూర్చున్న పాపకి లోయిస్-డీట్జ్, ఇలాంటిదే ఇంకో జన్యు జబ్బు. వాళ్లకి ఎకో ఒక్కటే చాలదు, తల నుంచి కటి దాకా రక్తనాళాలన్నీ స్కాన్ తీసి చూస్తారు. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చున్నా.

మావాడి బాధ వేరు. ఆ నాళం మీద భారం పడుతుందని బాస్కెట్‌బాల్ పోటీలు వద్దన్నారు, నెమ్మదిగా ఈత, సైకిల్ పర్లేదన్నారు. "ఇంత పొడుగుండి ఏం లాభం?" అని అలిగాడు. ఇంకా మాట్లాడటం లేదు.