చిన్న కరెక్షనే కదండీ

చెన్నైలో పిల్లల పుస్తకాలకు బొమ్మలేసే తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఈ మాట దగ్గర నవ్వులు మొదలవుతాయి. “చిన్న కరెక్షనే కదండీ, ఆ పాపని కాస్త ఎడమకి జరిపితే చాలు.” అలా అనే పబ్లిషర్లకీ ఎడిటర్లకీ చెడ్డ ఉద్దేశమేమీ ఉండదు. కుర్చీ జరిపినట్టు పాపని జరపొచ్చనుకుంటారు, అంతే.

పాప ఎడమకి జరిగిందనుకోండి. ఆమె వెనక ఇన్నాళ్లూ కనపడని గోడ బయటపడుతుంది. అక్కడేమీ గీసి ఉండదు. పాప భుజం మీద పడుతున్న చెట్టు నీడ ఆకారం మారాలి. పాప చేయి పట్టుకున్న తాత చేయి సాగదు కాబట్టి తాతా జరగాలి. తాత జరిగితే సరిగ్గా పుస్తకం మడతలో పడతాడు, ముఖం సగం బైండింగు మింగేస్తుంది. పెన్సిల్ రఫ్‌లో ఇది ఐదు నిమిషాల పని. లేయర్లు (ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక పొరలు) విడిగా ఉంచిన డిజిటల్ ఫైనల్‌లో ఒక పూట. వాటర్‌కలర్‌లో అయితే కొత్త షీటు, రెండు రోజులు.

ఇదే ఊళ్లో, వడపళనిలో, చందమామ ఆఫీసులో ఎం.టి.వి. ఆచార్య, చిత్ర, శంకర్ లాంటివాళ్లు నెలజీతం మీద బొమ్మలేశారు. అనుమానమొస్తే సంపాదకుడు పక్క గదిలోనే ఉండేవాడు. ఫ్రీలాన్సర్‌కి ఆ పక్క గది లేదు. ఆ గది చేసే పని మెయిలూ, ఒప్పందమూ, డమ్మీ (పుస్తకం నమూనా) చెయ్యాలి. అందుకే రంగు ముట్టుకోకముందే తేల్చుకోవాల్సినవి చాలా ఉంటాయి.

32 పేజీల పుస్తకమంటే 32 బొమ్మలు కాదు. టైటిల్ పేజీ, ప్రచురణ వివరాల పేజీ, చివరి పేజీ లాంటివి పోగా సాధారణంగా 14 స్ప్రెడ్లు, అంటే ఎదురెదురు పేజీల జతలు, మిగులుతాయి. వాటన్నిటినీ ముందు ఒకే ఏ3 షీటు మీద అగ్గిపెట్టె సైజులో గీయాలి. ఈ సైజులో ముఖాలు కనపడవు, కనపడకపోవడమే మంచిది. వరసగా మూడు పేజీల్లో పాప కుడివైపే నిలబడిందా, పేజీ తిప్పగానే కనపడాల్సిన పులి ముందు పేజీలోనే తోక ఊపుతోందా అన్నవే కనపడతాయి. ఆ తర్వాత అసలు సైజులో పెన్సిల్ రఫ్, అందులో అసలు మేటర్ (పేజీలో వచ్చే రాత) అసలు ఫాంటులో. “మేటర్ ఇంకా దిద్దుతున్నాం, మీరు బొమ్మలు కానివ్వండి” అంటే కానివ్వకండి. నాలుగు లైన్లు ఎనిమిదైతే ఆకాశం చాలదు.

భాషల సంగతి ఇక్కడే తేలాలి. చెన్నైలో ఒక బొమ్మల పుస్తకం ఒక్క భాషతో ఆగడం తక్కువ. పిల్లల పుస్తకాలు వేసే తూలికవాళ్లయితే ఇంగ్లిష్‌తో కలిపి తొమ్మిది భాషల్లో వేస్తారు. బొమ్మ ఒకటే, మేటర్ మారుతుంది. తెలుగుకి నిలువు చోటు కావాలి. ఇంగ్లిష్‌లో 14 పాయింట్ల అక్షరానికి 20 పాయింట్ల లైను సరిపోతే, తెలుగుకి 25, 26 లేకపోతే పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద ఎక్కి కూర్చుంటాయి. తమిళానికి ఒత్తుల బాధ లేదు కానీ మాటలు పొడుగు. సన్నటి డబ్బా ఇస్తే లైనుకి రెండు మాటలు కూడా పట్టవు. కాబట్టి మేటర్ కోసం వదిలే చోటు వెడల్పుగానూ ఎత్తుగానూ ఉండాలి, ఇంగ్లిష్ మేటర్ ఆక్రమించేదానికి కనీసం ఒకటిన్నర రెట్లు. ఆ చోట రంగు లేతగా, గీతల సందడి లేకుండా ఉండాలి.

కొత్తవాళ్లు తప్పకుండా దెబ్బతినేది మరొకటుంది. భాష మారినప్పుడు ప్రెస్సులో రంగుకొకటి చొప్పున ఉండే నాలుగు అచ్చు ప్లేట్లూ మార్చరు. నీలం, ఎరుపు, పసుపు ప్లేట్లు అవే ఉంచి నలుపు ప్లేటొక్కటి మారిస్తే ఖర్చు తగ్గుతుంది. అలా జరగాలంటే మేటర్ నూరు శాతం నలుపు సిరాతోనే ఉండాలి. ముదురు నీలం ఆకాశం మీద తెల్ల అక్షరాలు చూడ్డానికి బాగానే ఉంటాయి, కానీ ఆ తెలుపంటే నాలుగు ప్లేట్లలోనూ ఖాళీ. కన్నడ వెయ్యాలంటే నాలుగూ మార్చాలి. బొమ్మలో కిరాణా కొట్టు బోర్డు, బస్సు మీద ఊరిపేరు, పలక మీద అఆలు కూడా ఇంతే. వాటిని విడి లేయరులో, నలుపులో పెట్టాలి. లేదా అక్షరాల్లేని బోర్డు గీసి వంకాయలో టమాటాలో వేలాడదీస్తే గొడవే లేదు.

నలుపుని నాలుగు రంగులు కలిపి చేస్తే ఇంకో ఇబ్బంది. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరం అంచున ఎర్రటి నీడ కనపడుతుంది. పెద్ద గుడులున్న తెలుగు అక్షరంలో అది ఇంకా కొట్టొచ్చినట్టుంటుంది.

ఇన్‌డిజైన్‌లో (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) పేరాగ్రాఫ్ సెట్టింగులో వరల్డ్‌రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే తెలుగు ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ప్రెస్సు నుంచి వచ్చే పాత ఫైళ్లు తరచూ ‘అను’ అనే పాత తరహా, యూనికోడ్ కాని ఫాంట్లలో ఉంటాయి. ఆ ఫాంటు మీ దగ్గర లేకపోతే మేటరంతా ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి. యూనికోడ్‌లో పంపమనండి. ప్రింటుకి పంపేముందు అక్షరాలని ఫాంటు అక్కర్లేని ఆకారాలుగా, అంటే అవుట్‌లైన్లుగా మార్చి, మార్చని ఫైలు ఒకటి దాచుకోండి.

సైజు మొదటి రోజే అడగాలి. పేజీ 8.5 అంగుళాల చదరమైతే స్ప్రెడ్ 17 × 8.5. చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) కలిపి 300 డీపీఐలో దాదాపు 5170 × 2620 పిక్సెల్స్. ప్రొక్రియేట్‌లో (ఐప్యాడ్‌లో బొమ్మలేసే యాప్) కాన్వాసు పెరిగేకొద్దీ లేయర్ల పరిమితి తగ్గుతుంది. పాపా, తాతా, నేపథ్యం విడిగా ఉంచుకోడానికి లేయర్లు చాలతాయో లేదో ముందే చూసుకోవాలి. కళ్లూ వేళ్లూ మడతకి ఇటు ఒక సెంటీమీటరు, అటు ఒక సెంటీమీటరు దూరంగా ఉంచండి.

రంగుల విషయంలో తెర నమ్మదగిన సాక్షి కాదు. కనకాంబరం రంగు, చిలకపచ్చ, నెమలికంఠం మూడూ ఐప్యాడ్ మీద వెలిగిపోతాయి. సీఎంవైకేలోకి, అంటే అచ్చుకి వాడే నాలుగు సిరాల రంగుల్లోకి, రాగానే కనకాంబరం ఇటుకరంగు వైపు, చిలకపచ్చ ఎండిన అరిటాకు వైపు జారతాయి. మాప్‌లిథో అనే పూతలేని కాగితమైతే సిరా పీల్చుకుని ఇంకా మందగిస్తుంది. పూత ఉన్న ఆర్ట్ పేపరు మీద నాలుగు రంగులూ కలిపి మొత్తం సిరా 300 శాతం దాటకుండా, మాప్‌లిథో మీద ఇంకా తక్కువగా ఉంచాలి. లేకపోతే ఆరక వెనక షీటుకి అంటుతుంది. ఒక స్ప్రెడ్‌ని మాత్రం పూర్తిగా రంగువేసి, ట్రిప్లికేన్‌లో ఏదో ఒక ప్రెస్సులో పుస్తకానికి వాడబోయే కాగితం మీదే డిజిటల్ ప్రింటు తీయించి, దాన్ని పబ్లిషర్ చేతికివ్వండి. అదీ ఆఫ్‌సెట్‌కి అచ్చం సరిపోదు, కానీ వాట్సాప్‌లో పంపిన జేపెగ్‌ని చూసి రంగులు ఖరారు చేసే ప్రమాదం తప్పుతుంది.

కుంచెతో వేసేవాళ్లకి ఈ ఊళ్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన ఒక పరీక్ష. తేమకి కాగితం మీది పూత చెడి రంగు అక్కడక్కడా మచ్చలుగా ఇంకిపోతుంది. 300 జీఎస్ఎం మందపాటి వాటర్‌కలర్ షీట్లు చవకని 50 కొని పెట్టుకోవద్దు. పది కొని, ప్లాస్టిక్ సంచిలో సిలికా జెల్ పొట్లాలతో దాచుకుంటే చాలు. కరెక్షన్ వస్తే అసలు బొమ్మని తడపొద్దు. ఆ ముక్కని విడి కాగితం మీద వేసి, రెండిటినీ 600 డీపీఐలో స్కాన్ చేసి కంప్యూటర్‌లో అతకాలి.

ఇక లెక్క. ఇంటి ఖర్చు, సాఫ్ట్‌వేర్ చందా, ఇన్సూరెన్సు, కొన్నేళ్లకోసారి మార్చే టాబ్లెట్ కోసం దాచేది కలిపి నెలకి 60,000 అనుకుందాం. కొటేషన్లు, ఇన్‌వాయిస్‌లు, సాంపిళ్లు, డబ్బు కోసం ఫోన్లు పోగా బొమ్మ మీద డబ్బొచ్చే రోజులు నెలకి 12 ఉంటే గొప్ప. రోజుకి 5,000 పడాలి. స్ప్రెడ్‌కి రెండున్నర రోజుల చొప్పున 14 స్ప్రెడ్లూ ఒక కవరూ కలిపితే 1,87,500. ఈ అంకె వింటే చాలామంది పబ్లిషర్లకి దగ్గొస్తుంది. స్ప్రెడ్‌కి ఒక్కరోజు పట్టే సాదా శైలిలో వేస్తే 75,000. బడ్జెట్టుని బట్టి శైలి ఎంచుకోవడంలో నామోషీ ఏమీ లేదని నా అభిప్రాయం. ఒక్కో బొమ్మకి పూట చొప్పున కరెక్షన్లు వచ్చాయంటే 37,500 మీ చేతినుంచే పోయినట్టు.

అందుకే ఒప్పందంలో రఫ్ దశలో రెండు విడతలు, ఫైనల్లో ఒకటి, ఆపైన విడతకింత అని రాసుకోవాలి. అభిప్రాయాలన్నీ ఒక్కరి దగ్గర్నుంచే, ఒకే మెయిల్‌లో రావాలి. రచయిత ఒకటి, ఎడిటర్ ఇంకొకటి, రచయితగారి ఆయన మరొకటి చెప్పడం మొదలైతే పాప అటూ ఇటూ నడుస్తూనే ఉంటుంది. ఫోన్లో ఒప్పుకున్నదాన్ని ఆ సాయంత్రమే “ఇలా అనుకున్నాం” అని మెయిల్ చెయ్యండి.

డబ్బు 30 శాతం ముందు, 30 రఫ్‌లు ఒప్పుకోగానే, 40 ఫైనల్స్ ఇవ్వగానే. “పుస్తకం వచ్చాక” అన్న మాట ఒప్పుకోవద్దు, ఆ పుస్తకం ఈ జనవరి నందనం బుక్ ఫెయిర్‌కి రాకపోతే వచ్చే జనవరికే. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, చేయించుకోండి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (చిన్న వ్యాపారాల) చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసినా మీకు డబ్బిచ్చే గడువు 45 రోజులు మించకూడదు. దాటితే వడ్డీ అడగొచ్చు. ఇన్‌వాయిస్ కింద ఆ ఒక్క లైను రాస్తే అకౌంట్స్ వాళ్ల ఫోను త్వరగా వస్తుంది.

హక్కుల గురించి రాసుకోకపోవడం చాలా ఖరీదైన మరుపు. కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద వేసిన పెయింటింగ్‌కి, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. అదే రాతపూర్వకంగా హక్కు బదిలీ చేసి కాలం రాయకపోతే, 19వ సెక్షన్ దాన్ని ఐదేళ్లుగా, చోటు రాయకపోతే భారతదేశం వరకే అని లెక్కేస్తుంది. ఏ భాషలు, ఎన్నేళ్లు, పుస్తకమేనా లేక క్యాలెండర్లూ టీషర్టులూనా, అన్నీ రాయించండి.

పని అయ్యాక లేయర్లున్న ఫైళ్లని రెండు హార్డ్ డిస్కుల్లో, ఒకటి వేరే ఇంట్లో పెట్టి, పేరులో తేదీ వెయ్యండి. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఈసారి నిజంగా ఫైనల్’ అని పెట్టుకుంటే, మూడేళ్ల తర్వాత కన్నడ ఎడిషన్ కోసం కిరాణా కొట్టు బోర్డు లేయరు అడిగినప్పుడు ఏది తెరవాలో తెలియదు.